స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఎవరి తీరికతో నడుస్తోంది?

"మా తలుపులు తెరిచే ఉన్నాయి. ఆడవాళ్ళు రాకపోతే మేమేం చేస్తాం?" స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మిత్రుల సమావేశాల్లో ఈ మాట నేను వినని ఏడాది లేదు. సోర్స్‌కోడ్ అందరికీ కనబడుతుంది, రాసింది ఆడో మగో యంత్రానికి తెలీదు, పని బావుంటే తీసుకుంటాం, లేకపోతే లేదు అంటారు. వినడానికి ఎంత న్యాయంగా ఉందో! పదకొండేళ్ళుగా ఆ తలుపు లోపలే పనిచేస్తున్నదాన్ని కనుక ఈ న్యాయం సంగతి కొంచెం తేల్చుకోవాలని ఉంది.

ముందు నా పనేమిటో చెప్తాను. కంప్యూటర్ స్విచ్ వేశాక, తెరమీద మన ఫైళ్ళు కనబడేలోపు, డిస్కులో ఏ భాగం ఎక్కడుందో చదివి పై ప్రోగ్రాములకి చెప్పే చిన్న లైబ్రరీ ఒకటుంది. ఒక స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌లో దాని బాగోగులు నేను చూస్తాను. మెయింటెయినర్ అంటారు. కొత్తగా రాసేది తక్కువ. ఎవరో పంపిన మార్పుని పాత యంత్రాల మీద కూడా నడిపి చూడాలి. ఒక ఫంక్షన్ ఇచ్చే జవాబు కాస్త మారినా దాన్ని నమ్ముకున్న ప్రోగ్రాములు పడిపోతాయి కనుక ఎప్పుడో ఇచ్చిన మాటకి కట్టుబడి ఉండాలి. భద్రతా లోపం బయటపడితే పండగపూటైనా కూర్చోవాలి. అన్నీ సవ్యంగా నడిచినంతకాలం ఈ లైబ్రరీ ఉన్నట్టే ఎవరికీ తెలీదు.

ఈ వర్ణన మనకి కొత్తేమీ కాదు. ఇది ఇంటిచాకిరీ. కడిగిన గిన్నెలు ఎవరికీ కనబడవు, కడగని రోజే కనబడతాయి.

ఒక్క ఉదాహరణ. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల గడియారం 2038 జనవరి 19న నిండిపోతుంది. ఆ మరుక్షణం యంత్రం తాను 1901లో ఉన్నాననుకుంటుంది. అలా జరక్కుండా డెబియన్ వాళ్ళు 32 బిట్ల ఆర్మ్ యంత్రాల కోసం 2024లో వందలాది లైబ్రరీలని మళ్ళీ తయారుచేశారు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో ఆ మార్పు చేరింది. ఇంత చాకిరీకీ ఫలితం, పదమూడేళ్ళ తర్వాత ఒక రోజున ఏమీ జరక్కపోవటం!

అయితే ఇంటిచాకిరీకీ దీనికీ ఒక తేడా ఉంది. దీనికో పేరుంది, హోదా ఉంది, వేదిక మీద కుర్చీ ఉంది. ఎందుకంటే చేసేవాళ్ళు ఎక్కువమంది మగవాళ్ళు. ఉద్యోగం నుంచి వచ్చి రాత్రి ఎనిమిదింటికి ప్యాచ్‌లు చూసుకునే మిత్రుణ్ణి అడగండి. ఆ ఎనిమిదింటికి పిల్లాడితో హోంవర్క్ చేయిస్తున్నదెవరు? రేపటి ఇడ్లీకి పప్పు రుబ్బుతున్నదెవరు? అతను సమాజానికి దానం చేసే రెండు గంటలూ ముందు ఆమె అతనికి దానం చేసినవి. ఆ దాత పేరు ఏ చేంజ్‌లాగ్‌లోనూ ఉండదు. డెబియన్ పేరులో మాత్రం ఒక స్త్రీ ఉంది. 1993లో ఇయాన్ మర్డాక్ తన స్నేహితురాలు డెబ్రా పేరునీ తన పేరునీ కలిపి ఆ పేరు పెట్టాడు. పేరులో చోటు దొరికినంత తేలిగ్గా పనిలో దొరకలేదు.

యూరోపియన్ యూనియన్ నిధులతో జరిగిన ఫ్లాస్‌పోల్స్ అధ్యయనం 2006లో చెప్పిన లెక్క చూడండి. జీతమిచ్చే కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో స్త్రీలు 28 శాతం, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సమూహాల్లో 1.5 శాతం. గేటు దగ్గర కాపలా ఉన్నచోట 28, తలుపులు బార్లా తెరిచినచోట 1.5! తెలివితేటలే కొలబద్ద అయితే ఇంత తేడా ఎక్కణ్ణించి వచ్చింది? జీతం వచ్చే గంటలకి ఇంట్లో అనుమతి దొరుకుతుంది. జీతం రాని గంటలకి దొరకదు. మా అత్తగారు ఒకసారి నన్ను, "దీనికి డబ్బులిస్తారా?" అనడిగింది. ఇవ్వరన్నాను. "అయితే రేపు చేసుకోవచ్చుగా" అంది. మా ఆయన గంటలకొద్దీ చదరంగం ఆడుకుంటుంటే ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

తీరిక దొరకబుచ్చుకుని వచ్చినవాళ్ళకి లోపల ఎదురయ్యేది ఇంకొకటి. లినక్స్‌కి యుఎస్‌బి 3.0 డ్రైవర్ రాసిన సేజ్ షార్ప్, లైనస్ టోర్వాల్డ్స్‌ని తిట్లు మానమని 2013లో బహిరంగంగా అడిగారు. 2015లో కెర్నెల్ పని వదిలేశానని ప్రకటించారు. మెత్తగా మాట్లాడితే నాణ్యత పడిపోతుందని అప్పట్లో వాదించినవాళ్ళకి లెక్కలేదు. 2018 సెప్టెంబరులో టోర్వాల్డ్స్ స్వయంగా క్షమాపణ చెప్పి కొన్నాళ్ళు పక్కకి తప్పుకున్నాడు, ప్రవర్తనా నియమావళి వచ్చింది. కెర్నెల్ ఏమీ కూలిపోలేదు.

ఇదంతా ఆడవాళ్ళ గోడు అనుకునేవాళ్ళు 2024 మార్చిని గుర్తుచేసుకోవాలి. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీని ఏళ్ళ తరబడి ఒకే మనిషి జీతం లేకుండా చూశాడు. మానసికంగా అలిసిపోయానని 2022లోనే చెప్పుకున్నాడు. ఆలస్యం చేస్తున్నావంటూ ముక్కూమొహం తెలీని పేర్లతో ఒత్తిడి పెట్టారు. సాయం చేస్తానంటూ వచ్చినవాడు రెండేళ్ళపాటు నమ్మకం సంపాదించి అందులో దొంగదారి పెట్టాడు. లాగిన్ కావటానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీయబట్టి అది బయటపడింది. అమ్మ అలిసిపోదని నమ్మే ఇల్లు ఎలా నడుస్తుందో ఈ ప్రపంచమూ అలాగే నడుస్తోంది. ఆ నమ్మకానికి ఈసారి బలైంది మగవాడు, అంతే.

"డబ్బు కలిస్తే ఈ పని పవిత్రత పోతుంది" అనే మిత్రులున్నారు. లినక్స్ కెర్నెల్‌లో చేరే మార్పుల్లో అత్యధికం ఇవాళ కంపెనీల జీతాల మీద పనిచేసేవాళ్ళు రాసినవే. అక్కడ పోని పవిత్రత చిన్న లైబ్రరీల దగ్గరే ఎందుకు పోతుంది? సేవ, త్యాగం అనే మాటలు జీతం ఎగ్గొట్టడానికి ఎంత బాగా పనికొస్తాయో మనకి ఎవరూ నేర్పనక్కర్లేదు.

డబ్బిస్తే ఏమవుతుందో కూడా చూశాం. గ్నోమ్ సంస్థ 2006లో స్త్రీల కోసం భృతితో మొదలుపెట్టిన శిక్షణ తర్వాత అవుట్‌రీచీ అయింది. 2013లో లినక్స్ కెర్నెల్ అందులో చేరింది. భృతి ఇచ్చి, నేర్పేవాళ్ళని పెట్టి పిలిస్తే ఆడవాళ్ళు వచ్చారు, వాళ్ళ ప్యాచ్‌లు కెర్నెల్‌లో ఉన్నాయి. కానీ ఆ భృతి మూడు నెలలే. నాలుగో నెల నుంచి మళ్ళీ సాయంత్రాల దగ్గరే సమస్య.

కాబట్టి అడగవలసినవి స్పష్టంగానే అడుగుదాం. ఈ లైబ్రరీల మీద వ్యాపారం చేసే కంపెనీలు వాటిని చూసేవాళ్ళకి జీతమివ్వాలి. ఏ ప్యాకేజీ కూడా ఒక్కరి నెత్తిన ఉండకూడదు. పరీక్షించటం, వివరాలు రాయటం, కొత్తవాళ్ళకి నేర్పటం కోడ్ రాయటంతో సమానంగా లెక్కకి రావాలి. సమావేశాలు పెట్టేవాళ్ళు పిల్లల్ని చూసుకునే ఏర్పాటు చెయ్యాలి.

ఆడవాళ్ళు ఎందుకు రావటం లేదనే చర్చ ఇంకోసారి పెట్టబోయే మిత్రులకి ఒక మాట. మా సామర్థ్యం మీద చర్చ ఆపండి. మీ సాయంత్రాలు ఎవరి దగ్గర్నించి వచ్చాయో ఆ లెక్క ముందు బయటపెట్టండి. సోర్స్‌నే తెరిచిపెట్టినవాళ్ళకి అదేమంత కష్టం కాకూడదు.