కాగితమైపోయిన మార్కు, తాకట్టుకు వెళ్ళిన బంగారం

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల పెద్దలను 1991వ సంవత్సరం గురించి అడిగి చూడండి. ముందుగా ఉప ఎన్నిక సంగతే చెబుతారు. దేశ ప్రధానమంత్రి తమ ఓటు కోరి వచ్చిన సంవత్సరమది. అదే ఏడాది జూలైలో రిజర్వు బ్యాంకు బంగారం విమానమెక్కి లండనుకు తాకట్టుకు వెళ్ళింది. ఆ మాట గుర్తున్నవారు తక్కువ. ఈ రెండు సంఘటనలూ ఒకే కథలోని భాగాలు. ఆ కథ అర్థం కావాలంటే నూరేళ్ళ నాటి జర్మనీని ఒకసారి చూసి రావడం మంచిదని మేము భావిస్తున్నాము.

1918 నవంబరులో జర్మనీ యుద్ధంలో ఓడింది. చక్రవర్తి సింహాసనం వదిలి హాలెండుకు వెళ్ళిపోయాడు. గణతంత్రం ప్రకటించబడింది. మరుసటి సంవత్సరం వైమార్ అనే పట్టణంలో రాజ్యాంగం రాసుకున్నారు కనుక చరిత్రకారులు దానికి వైమార్ గణతంత్రమని పేరు పెట్టారు. స్త్రీలకు ఓటుహక్కు, కార్మికులకు ఎనిమిది గంటల పనిదినం ఆ మార్పుతోనే వచ్చాయి. అయితే పుట్టిన ఇంటికి పుట్టిన నాడే అప్పు రాసిపెట్టినట్లయింది. యుద్ధం నడిపిన సేనాపతులు సంధి కావాలని తామే ఒత్తిడి చేసి, సంతకం పెట్టే సమయానికి పక్కకు తప్పుకున్నారు. సంతకం చేసినవాడు మథియాస్ ఎర్జ్‌బెర్గర్ అనే పౌర నాయకుడు. 1921లో అతడిని హత్య చేశారు. "మన సైన్యం రణరంగంలో ఓడలేదు, ఇంట్లోవాళ్ళే వెన్నుపోటు పొడిచారు" అనే అబద్ధం అప్పటికే ఊరూరా పాకిపోయింది. వెన్నుపోటు అనే మాటకు రాజకీయాలలో ఎంత బలముందో తెలుగు పాఠకులకు వేరుగా చెప్పనవసరం లేదు.

ఇక డబ్బు సంగతి. యుద్ధపు ఖర్చులో అధిక భాగాన్ని జర్మన్ ప్రభుత్వం పన్నులతో కాక, ప్రజలకు బాండ్లు అమ్మి, అప్పు రూపంలో తెచ్చింది. గెలిస్తే ఓడినవారి నుండి రాబట్టవచ్చునని లెక్క. ఓడినందున లెక్క తిరగబడింది. 1921లో గెలిచిన దేశాలు 13,200 కోట్ల బంగారు మార్కుల నష్టపరిహారాన్ని విధించాయి. చెల్లింపు ఆలస్యమైందని 1923 జనవరిలో ఫ్రెంచి, బెల్జియం సైన్యాలు బొగ్గు, ఉక్కు పండే రూర్ ప్రాంతాన్ని ఆక్రమించాయి. అక్కడి కార్మికులు నిరసనగా పని మానివేశారు. వారికి కూలి ఇవ్వవలసిన ప్రభుత్వం నోట్లు అచ్చువేసింది. యుద్ధానికి ముందు ఒక డాలరుకు సుమారు 4 మార్కులు. 1923 నవంబరు నాటికి ఒక డాలరుకు 4 లక్షల 20 వేల కోట్ల మార్కులు! రొట్టె ఒకటి సుమారు 20,000 కోట్ల మార్కులు పలికింది. ఉదయం అందిన జీతాన్ని మధ్యాహ్నంలోగా బియ్యం, బంగాళాదుంపలుగా మార్చుకోకపోతే సాయంత్రానికి అది చిత్తుకాగితమే. రైతులు నోట్లు తీసుకుని ధాన్యం ఇవ్వడానికి నిరాకరించారు.

ఎవరు బాగుపడ్డారు, ఎవరు చితికిపోయారు అన్నది గమనించదగిన విషయం. అప్పు చేసి భూములు, కర్మాగారాలు కొన్నవారి అప్పు కోడిగుడ్డు ధరతో తీరిపోయింది. అందరికంటె పెద్ద అప్పులవాడైన ప్రభుత్వం కూడా అలాగే బయటపడింది. చితికిపోయినది నమ్మకస్తులు: దేశం కోసమని బాండ్లు కొన్నవారు, పింఛనుదారులు, భర్త వదిలి వెళ్ళిన పొదుపు మీద బ్రతికే వితంతువులు. మన హైదరాబాదులో జన్మించి తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ బెర్లిన్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివినది సరిగ్గా ఆ దశాబ్దపు మొదటి భాగంలోనే. అర్థశాస్త్ర విద్యార్థికి అంతకంటె కఠినమైన పాఠశాల మరొకటి ఉండదు.

ఇక్కడ ఒక ఇంటి మాట. మన ప్రాంతపు పాత నికాహ్‌నామాలను తీసి చూడండి. నలభై, యాభై ఏళ్ళ క్రితం అంకెల్లో రాసిన మహర్ ఎంతో మంది సోదరీమణులకు నేటికీ బాకీయే. ఆనాడు ఆ సొమ్ముతో పాడిగేదె వచ్చేది, నేడు ఒక పూట కూరగాయలు రావు. జర్మనీలో తొమ్మిది నెలల్లో జరిగినది మన ఇళ్ళలో నలభై ఏళ్ళలో, చప్పుడు లేకుండా జరుగుతున్నది. ఫిఖహ్ గ్రంథాలు జకాత్ నిసాబును 20 మిస్ఖాళ్ళ బంగారం, 200 దిర్హముల వెండి అని లోహంలో నిర్ణయించడాన్ని మేము ఈ సందర్భంలో గుర్తుచేస్తున్నాము. వాయిదా మహర్ రాయించే తల్లిదండ్రులు ఇన్ని గ్రాముల బంగారమని రాయిస్తే ఆడపిల్ల హక్కు ధరల వరదలో కొట్టుకుపోదు.

హిట్లర్ ఈ నోట్ల వరద మీద తేలుతూ అధికారానికి వచ్చాడని చాలామంది అనుకుంటారు. అది సరి కాదు. 1923లో అతడు చేసిన తిరుగుబాటు విఫలమై జైలుకు వెళ్ళాడు. అదే నెలలో కొత్త కరెన్సీ వచ్చి ధరలు నిలిచాయి. 1928 ఎన్నికల్లో అతని పార్టీకి దక్కినది 2.6 శాతం ఓట్లు మాత్రమే. అసలు దెబ్బ 1929 తరువాతి మాంద్యం. ఈసారి ధరలు పెరగలేదు, పనులు పోయాయి. నిరుద్యోగులు 60 లక్షలకు చేరారు. ప్రభుత్వం ఖర్చులు, జీతాలు, భృతులు కోసింది. పార్లమెంటులో మెజారిటీ లేక, రాజ్యాంగంలోని 48వ అధికరణం కింద అధ్యక్షుని అత్యవసర ఉత్తర్వులతో పాలన సాగించింది. 1932 జూలైలో నాజీలకు 37 శాతం ఓట్లు వచ్చాయి. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. నెల తిరగకముందే అదే 48వ అధికరణంతో పౌరహక్కులు రద్దయ్యాయి. తలుపు పగలగొట్టే పని లేకపోయింది, తాళం చెవి రాజ్యాంగంలోనే ఉన్నది.

మన రాజ్యాంగ సభలో ఈ సంగతి ప్రస్తావనకు వచ్చింది. 1949 ఆగస్టులో అత్యవసర అధికారాల చర్చలో హెచ్.వి.కామత్ వైమార్ రాజ్యాంగాన్నే ఉదహరించి హెచ్చరించారు. అధికారాలు అయినా చేరాయి. 1975 జూన్‌లో అవి ప్రయోగించబడ్డాయి. దేశమంతటా 1977 మార్చిలో ప్రజలు తీర్పు చెప్పారు కానీ ఆంధ్రప్రదేశ్ మాత్రం 42 స్థానాలలో 41 కాంగ్రెసుకే ఇచ్చింది. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల. అక్కడ జనతా పార్టీ పక్షాన గెలిచిన నీలం సంజీవరెడ్డి స్వయంగా రాజ్యాంగ సభ సభ్యులు. ఆ జూలైలోనే ఆయన ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. మరుసటి ఏడాది 44వ సవరణతో ఆ తాళానికి కొంత గట్టి గడియ పెట్టారు: ప్రాణానికి, వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించిన హక్కును అత్యవసర పరిస్థితిలోనూ నిలుపుచేయడానికి వీలులేదు.

ఇప్పుడు 1991కి రావచ్చును. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. చమురు ధర పెరిగింది, గల్ఫ్ నుండి వచ్చే సొమ్ము తగ్గింది. లక్షా డెబ్బై వేల మంది భారతీయులను విమానాలలో స్వదేశానికి తెచ్చారు. రాయలసీమ నుండి కువైట్ వెళ్ళిన కుటుంబాలకు ఆ నెలలు ఎలా గడిచినవో మేము వర్ణించనవసరం లేదు. కువైట్ దీనారును ఇరాక్ తన బలహీన దీనారుతో సమానమని ప్రకటించినప్పుడు, అక్కడ దాచుకున్నవారికి జర్మన్ వితంతువు బాధ ఏమిటో అనుభవానికి వచ్చింది. మన దేశం వద్ద రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడే విదేశీ మారకమే మిగిలింది. రాజీవ్ గాంధీ హత్య, పూర్తి మెజారిటీ లేని ప్రభుత్వం. అలాంటి వేళ జూన్ 21న పి.వి.నరసింహారావు ప్రధాని అయ్యారు. జూలై మొదటి మూడు రోజులలో రూపాయి విలువను రెండుసార్లు తగ్గించారు. 47 టన్నుల బంగారాన్ని తాకట్టు పెట్టి అప్పు తెచ్చారు. ధరలు ఆ ఏడాది 17 శాతం వరకు పెరిగాయి. జర్మనీతో పోలిస్తే అది స్వల్పం, కూలి మనిషికి స్వల్పం కాదు.

ఆయన అప్పటికి పార్లమెంటు సభ్యులు కారు. ఆరు నెలల్లో గెలవాలి. ఆళ్లగడ్డకు చెందిన గంగుల ప్రతాపరెడ్డి నంద్యాల స్థానానికి రాజీనామా చేశారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్.టి.రామారావు తెలుగుదేశం అభ్యర్థిని నిలపలేదు. నవంబరులో పి.వి. 5 లక్షల 80 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. జర్మనీలో కష్టకాలపు భారం మోసినవారిని ప్రత్యర్థులు ద్రోహులన్నారు. ఇక్కడ ప్రత్యర్థి దారి ఇచ్చాడు. ఆ నిర్ణయంలో రాజకీయపు లెక్క కూడా ఉండవచ్చు, అయినా దాని విలువ మా దృష్టిలో తక్కువ కాదు.

అయితే కష్టకాలంలో మరొకటి కూడా జరుగుతుంది. పూట గడవని మనిషికి దోషి ఒకడు కావాలి, చూపించేవాడు సిద్ధంగా ఉంటాడు. జర్మనీ జనాభాలో యూదులు నూటికి ఒక్కరు కూడా లేరు. ఆ యుద్ధంలో సుమారు 12,000 మంది యూదు సైనికులు జర్మనీ కోసం ప్రాణాలిచ్చారు. ఓటమికీ, నోట్ల పతనానికీ, నిరుద్యోగానికీ వారే కారణమని నమ్మించడానికి ఆ సంగతులేవీ అడ్డు రాలేదు. యూదుడైన విదేశాంగ మంత్రి వాల్టర్ రాతెనౌను 1922లోనే నడివీధిలో కాల్చిచంపారు.

నంద్యాల ఓటర్లలో ముస్లింలు గణనీయమైన సంఖ్యలో ఉన్నారు. వారూ 1991లో ప్రధానికి ఓటు వేసినవారే. పదమూడు నెలలకు, 1992 డిసెంబరు 6న, బాబ్రీ మస్జిద్ కూల్చబడింది. కాపాడుతామని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు హామీ ఇచ్చింది, కేంద్రం ఆ హామీని నమ్మి కూర్చున్నది. విచారణకు వేసిన లిబర్హాన్ కమిషన్‌కు ఇచ్చిన గడువు మూడు నెలలు, నివేదిక వచ్చినది 2009లో. ఆర్థిక వ్యవస్థను గట్టెక్కించినందుకు ఆయనను పొగడేవారితో మేము విభేదించము. ఆ పొగడ్తలో డిసెంబరు 6ను మరిచిపొమ్మనేవారితో మాత్రం ఏకీభవించము.

1996లో ఆయన మళ్ళీ నంద్యాల నుండి నిలబడ్డారు. ఈసారి తెలుగుదేశం పోటీలో ఉన్నది. గెలిచారు, మెజారిటీ లక్షకు లోపే. ఒడిశాలోని బరంపురంలోనూ గెలిచినందున దానినే ఉంచుకొని నంద్యాలను వదులుకున్నారు. తిరిగి ఉప ఎన్నిక వచ్చింది. ఆ స్థానం ఈసారి ఆళ్లగడ్డకే చెందిన భూమా నాగిరెడ్డికి దక్కింది.