చేత్తో చూడాల్సిన కుర్చీ

దుకాణంలో కుర్చీ నచ్చితే ఏం చేస్తాం? రంగు చూస్తాం, ధర అడుగుతాం, ఓసారి కూర్చుని లేస్తాం. ‘హిరోషిమా’ కుర్చీని మాత్రం ముందు చేత్తో నిమరాలి. చేతులు ఆనించుకునే చోటి నుంచి వీపు ఆనే చోటిదాకా వేళ్లు పోనిస్తే ఎక్కడా అతుకు తగలదు. ఒకే దుంగలోంచి తొలిచారేమో అనిపిస్తుంది!

జపాన్‌లోని హిరోషిమాకు చెందిన మరుని సంస్థ 2008లో దీన్ని తెచ్చింది. రూపం దిద్దింది డిజైనర్ నావోతో ఫుకాసావా.

జపనీయులది నేలమీద, తతామీ చాపలమీద కూర్చునే సంప్రదాయం. కుర్చీ వాళ్ల ఇళ్లలోకి ఆలస్యంగానే వచ్చింది. కుర్చీల తయారీలో ఆరితేరింది డెన్మార్క్. అక్కడి హాన్స్ వెగ్నర్ 1949లో చేసిన కుర్చీలో వీపు, చేతులు ఒకే వంపులో కలిసిపోతాయి. 1960 టీవీ చర్చలో కెనెడీ కూర్చున్నది ఆ కుర్చీలోనే. ‘హిరోషిమా’ను చూస్తే ఆ వంపే గుర్తొస్తుంది. రంగుల కింద దాచకుండా చెక్క చారలను అలాగే కనపడనివ్వడం, అతుకు తెలియనివ్వని పనితనం మాత్రం జపాన్ వడ్రంగానివి.

అయితే మరుని మొదట్నుంచీ ఇలాంటివి చేసిన సంస్థ కాదు. 1928లో పుట్టిన ఈ కంపెనీకి పేరు తెచ్చింది నగిషీల యూరప్ తరహా ఫర్నిచర్. 1968లో వచ్చిన ‘వెర్సాయ్’ సామగ్రి జపాన్‌లో బాగా అమ్ముడైంది. 1990ల్లో అక్కడి ఆర్థిక వ్యవస్థ చతికిలపడ్డాక గిరాకీ తగ్గింది. చేతుల్లో పనితనం ఉంది, కొనేవాళ్లే కరవయ్యారు! అప్పుడే నగిషీలు పక్కనపెట్టి కొత్త దారి వెతికింది.

నగిషీ లేదంటే పని తేలికనుకుంటే పొరపాటే. పూలూ లతలూ ఉంటే చిన్నచిన్న లోపాలు వాటి చాటున దాగిపోతాయి. నున్నటి చెక్కమీద గీత పడినా కనిపిస్తుంది. అందుకే కంప్యూటర్ యంత్రాలు చెక్కను ఆకారానికి తెచ్చాక, మిగతా పని మనుషులు అందుకుంటారు. గరుకు కాగితంతో రుద్దుతూ, అరచేత్తో తడిమి చూస్తూ నునుపు తేలుస్తారు. కంటికి అందని ఎత్తుపల్లాలు వేళ్లకు తెలుస్తాయి మరి.

ఆ పనితనమే కంపెనీని నిలబెట్టింది. అమెరికాలో యాపిల్ ప్రధాన కార్యాలయానికి ఈ కుర్చీలు వేల సంఖ్యలో వెళ్లాయి. 2023లో హిరోషిమాలో జరిగిన జీ-7 సదస్సులో దేశాధినేతలు కూర్చున్నదీ వీటిలోనే.

ఇది మన ఇంటికి రాకపోవచ్చు. కానీ ఈసారి కుర్చీ కొనేటప్పుడు పైపై మెరుపు చూసి ఆగిపోకండి. చేతుల కిందా, సీటు అంచు కిందా ఓసారి తడమండి. మంచి వడ్రంగి పనితనం కంటికి కనపడని చోటే ఉంటుంది.