చదువు అప్పుకు ఉద్యోగం లెక్క ఎందుకు?

కోవిల్‌పట్టిలో గానీ విరుదునగరంలో గానీ, ప్లస్ టూ ముగించిన పిల్ల చరిత్ర చదువుతానంటే మన ఇళ్లల్లో పెద్దవాళ్లు అడిగేది ఒకటే: "దానికి పని దొరుకుతుందా? బ్యాంకోళ్లు అప్పిస్తారా?" పని దొరికే చదువుకే అప్పివ్వాలనే బంధువులూ మనకు ఉన్నారు. మేము ఒప్పుకోము.

వాళ్ల భయం మాత్రం న్యాయమైందే. 2001 నుంచి నడుస్తున్న బ్యాంకుల నమూనా పథకంలో 4 లక్షల దాకా తాకట్టు అక్కర్లేదు, సరే. కానీ అప్పు పత్రం మీద అమ్మో నాయనో కూడా సంతకం పెట్టాలి. చదువు ముగిశాక ఏడాది గడువు, ఆపైన జీతం వచ్చినా రాకున్నా నెల కంతు కట్టాల్సిందే. కరిసల్ చేలో పత్తీ మినుమూ వేసి వాన కోసం చూసే ఇంటికి అదేం చిన్న బరువా?

అయితే ఏ చదువుకు పని ఉంటుందో ముందే చెప్పేదెవరు? మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. నిరుటి వెర్షన్ పాసైంది కాబట్టి ఈ ఏటిదీ బాగుంటుందంటే మా టీమ్‌లో నవ్వుతారు. కాలేజీ చూపించే ఉద్యోగాల పట్టీ నిరుటిదే, పిల్ల బయటికొచ్చేది మూడు నాలుగేళ్లకు. అందరూ ఎగబడి అప్పు చేసి చదివించిన ఇంజినీరింగ్‌లోనే తర్వాత తమిళనాట వేల సీట్లు ఖాళీగా మిగిలాయి.

ఇంకో సంగతి. మన పక్క ఊరు ఇడైసేవల్ కి. రాజనారాయణన్ గారి ఇంటి మాట తెలుగే. బడి చదువు పెద్దగా లేకుండానే కరిసల్ సీమ మాటలకు నిఘంటువు కూర్చారు. మనవాళ్లు ఇక్కడికి వలసొచ్చిన కథ రాశారు, 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. ఆయనలాంటివాళ్లు ఊరికొకరు పుట్టరు. ఆ పని సాగాలంటే భాషా చరిత్రా చదివినవాళ్లు కావాలి. కన్నడ మీడియంలో చదివిన మేము ఇంటి తెలుగుకు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నాం. మన అవ్వల మాటలు రాసిపెట్టడానికి అంతమాత్రం చాలదు.

చూడాల్సింది డిగ్రీ పేరు కాదు, తర్వాత వచ్చే జీతం. ఆస్ట్రేలియాలో 1989 నుంచి ఆదాయం ఒక హద్దు దాటినాకే చదువు బాకీ పన్నుతోపాటు వసూలు చేస్తారు. ఇక్కడా కంతును జీతానికి కట్టొచ్చు. ఎందరికి పని దొరికింది, ఎంత జీతానికి అన్నది ప్రతి కాలేజీ నిజంగా అచ్చేయాలి. తప్పుడు ఆశ చూపించి ఫీజు గుంజే కాలేజీకి బ్యాంకు అడ్డం పడితే మాకేం అభ్యంతరం లేదు.

2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి సబ్జెక్టును కాక కాలేజీ ర్యాంకును చూస్తుంది. కొంత నయమే. కానీ ఆడపిల్లను టౌన్ బస్సు పోయినంత దూరమే పంపే ఇళ్లు మనలో ఇంకా ఉన్నాయి. ఆ బస్సు ఆగే కాలేజీ ఆ పట్టీలో లేకపోతే ఆ పిల్ల ఏం చేయాలి?