జేబులో ఇమిడే పిస్తోలు

మనోహరాబాదు మీదుగా పోవు 44వ నంబరు జాతీయ రహదారికి ఇరువైపుల కర్మాగారములు వెలసి, ఒకనాడు జొన్న పండిన చెలకలు గజముల లెక్కన అమ్ముడు పోవుట మొదలైనప్పటి నుండి, నాలుగు రాళ్లు వెనకేసుకొన్న మన పెద్దమనుషులలో కొందరికి ఒక కొత్త కోరిక పుట్టినది. తుపాకి లైసెన్సు కావలెను; ఆ తుపాకి లాల్చీ జేబులో ఇమిడిపోవలెను; అయినను ఒక్క దెబ్బతో ఎదుటివాడు మరల లేవరాదు. అమెరికాలో కాపురమున్న బంధువులు సెలవులకు వచ్చినపుడు అచ్చటి దుకాణములలో దొరకు అరచేతి పిస్తోళ్లను వర్ణించి ఈ కోరికకు ఆజ్యము పోయుచుందురు. అల్పమైన పరిమాణమును, ప్రచండమైన శక్తిని ఒకే ఆయుధమున కోరుట ఆత్మరక్షణ కాదనియు, భయమునకు వేసిన ఆభరణ మనియు నా అభిప్రాయము.

ఈ కోరిక నేటిది కాదు. ఫిలడెల్ఫియా నగరమున హెన్రీ డెరింజర్ అను తుపాకుల పనివాడు పందొమ్మిదవ శతాబ్దమున చేసి యమ్మిన జేబు పిస్తోలు సుమారు ఆరంగుళముల పొడవు గలది. ఒక్కమారు మాత్రమే పేలును. గుండు మాత్రము పెద్దది, 44 క్యాలిబరు. 1865 ఏప్రిల్ 14వ తేదీ రాత్రి నాటకము చూచుచున్న అబ్రహాం లింకన్ తల వెనుక పేలినది అదియే. ఆ హంతకునకు గురి చూడవలసిన పని లేకపోయినది, పేల్చు క్షణమున ఎదురు నిలిచినవాడు లేడు, లింకనును చంపుటకు రెండవ గుండు అక్కరయే కలుగలేదు. చిన్న పిస్తోలులో పెద్ద గుండు దొంగదెబ్బకు ఎంత అనుకూలమో, హఠాత్తుగా మీదపడిన వానిని ఎదుర్కొనుటకు అంత ప్రతికూలము.

కారణము పాఠశాలలో చదువుకొన్న న్యూటను సూత్రమే. గుండు ఎంత బలముగా ముందుకు పోవునో తుపాకి అంత బలముగా వెనుకకు తన్నును. తుపాకి ఎంత తేలికయైన ఆ తన్ను చేతికి అంత కఠినముగా తగులును. స్మిత్ అండ్ వెస్సన్ వారి 340 పీడీ అను రివాల్వరు మూడున్నర వందల గ్రాములకు మించదు. అయినను 357 మాగ్నమ్ తూటాను పేల్చును. మోసికొని తిరుగుటకు అంత సుఖమైనది లేదు, పేల్చుటకు అంత బాధాకరమైనది లేదు. పిడి పొట్టిదగుటచే చిటికెన వ్రేలికి పట్టు చిక్కదు; గురి చూపు రెండు గుర్తుల నడుమ దూరము తక్కువ యగుటచే చేయి ఇసుమంత కదలినను గుండు ఎచ్చటికో పోవును; గొట్టము పొట్టిదగుటచే మందు పూర్తిగా పనిచేయకమునుపే గుండు వెలుపలికి వచ్చి, శక్తిలో కొంత భాగము మంటగా, చప్పుడుగా వ్యర్థమగును. సాధన చేయబోయినవాడు పది తూటాలు కాల్చునప్పటికే మణికట్టు నొప్పితో దానిని బీరువాలో పెట్టివేయును. సాధన లేని వాని జేబులోని పిస్తోలు ఇతరులకే కాదు, అతనికిని అపాయము.

ఇది కేవలము పిరికివాని వాదము కాదు. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు దోపిడీదారులతో జరిగిన కాల్పులలో తమవారిని ఇద్దరిని కోల్పోయిన అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ, ఇంతకంటె బలమైన గుండు కావలెనని 10 మిల్లీమీటర్ల తూటాను వరించినది; దాని తన్నును అనేకులు భరింపలేకపోగా 40 క్యాలిబరునకు దిగినది; తుదకు 2014లో ఆ సంస్థ శిక్షణ విభాగమే 9 మిల్లీమీటర్లను సమర్థించినది. అధిక సంఖ్యాకులు దానితోనే వేగముగా, గురి తప్పక కాల్చగలుగుచుండుట అందుకు ఒక ముఖ్య కారణము. కాల్చుటయే వృత్తిలో భాగమైన వారికి పట్టిన గతి యిది.

మన దేశమున ఈ ఎంపిక సమస్యయే చాలవరకు లేదు. 9 మిల్లీమీటర్లు నిషిద్ధ బోరు, అనగా సామాన్యులకు లైసెన్సు దొరకని గొట్టపు కొలత. సామాన్య పౌరునికి సాధారణముగా దక్కునది పాయింట్ 32. 2014లో కాన్పూరు ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ స్త్రీల కొరకని అరకిలో బరువుతో వెలువరించిన 'నిర్భీక్' రివాల్వరు కూడ ఆ బోరుదే. ఆనాటి వెల లక్షా ఇరువదిరెండు వేల పైచిలుకు. అంత సొమ్ము పెట్టగల స్త్రీ చీకటిలో బస్సు కొరకు నిలుచునా యని ఆనాడే పలువురు అడిగిరి, న్యాయముగానే అడిగిరి. 2016 నాటి ఆయుధ నియమావళి ప్రకారము బహిరంగ స్థలమున పిస్తోలును ఒరలో నుంచి పైకి కనబడకుండ కప్పుకొనవలెను. 2019 సవరణ తరువాత వేడుకలలో గాలిలోనికి అజాగ్రత్తగా కాల్చినను రెండేండ్ల వరకు ఖైదు. పెండ్లి బరాతులలో తుపాకి చూపి మీసము దువ్వువారు ఈ రెండును చదువుకొనుట మంచిది.

చట్టము ఒప్పిన ఆయుధమైనను కోపమును ఆపలేదు. 2020 డిసెంబరులో ఆదిలాబాదున పిల్లల క్రికెట్ తగాదా పెద్దలకు ప్రాకి, పురపాలక సంఘమునకు ఉపాధ్యక్షుడుగా నుండిన వ్యక్తి లైసెన్సు తుపాకితో కాల్పులు జరుపగా, గాయపడినవారిలో ఒకరు మరణించిరి. అతని నడుమున తుపాకి లేకుండినచో ఆ తగాదా తిట్లతోనో, కర్రలతోనో ముగిసియుండెడిది.

అమెరికాలోని మన పిల్లల భయము నిరాధారము కాదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రపు ఓలేతలో తెలుగు ఇంజనీరు నొకనిని జాతిద్వేషి కాల్చి చంపినాడు. ఆనాడు అడ్డుపడి గుండు దెబ్బ తిన్న అమెరికా యువకుని చేత ఏ ఆయుధమును లేదన్నది మరువరాదు. ఎఫ్-1, హెచ్-1బి వీసాలపై నున్నవారు తుపాకి గాని తూటాలు గాని కలిగియుండుట అచ్చటి ఫెడరల్ చట్టమున నేరము. వేట లైసెన్సు వంటి కొలది మినహాయింపులు మాత్రమే కలవు. గ్రీన్ కార్డు వచ్చినవారికి ఆ అడ్డు లేదు. వారు కొనియే తీరుదుమన్నచో కొంచెము బరువైనది, మితమైన క్యాలిబరుది కొని, శిక్షకుని చెంత చేయి కుదిరిన పిదపనే నడుమున కట్టుకొనవలెను. పసిపిల్లలున్న ఇంట తాళమున్న పెట్టెలో నుంచవలెను.

మనోహరాబాదు మిత్రులారా, జిల్లా కలెక్టరు గారికి పెట్టదలచిన ఆ దరఖాస్తును చింపివేయుడు. తుపాకికి పెట్టదలచిన సొమ్ముతో గోదాము ముందర దీపములు, కెమెరాలు పెట్టించి, రాత్రి కాపలాదారునకు బ్రతుకగలిగిన జీతమిచ్చి, కూలీల వేతనములు నోట్ల కట్టలుగా మోయక బ్యాంకు ఖాతాలలో వేయుడు; ఆపద వచ్చినచో 112కు ఫోను చేయుడు.