అద్దాల మేడకో చట్టం!

గుజరాత్‌లో మద్యనిషేధం చెక్కుచెదరలేదట. గాంధీనగర్ చెంతనున్న ఆర్థిక కేంద్రం గిఫ్ట్ సిటీ హోటళ్లు, రెస్టారెంట్లు, క్లబ్బుల్లో మాత్రం భోజనంతోపాటు మద్యం వడ్డించవచ్చట. 2023 డిసెంబర్ 22న అక్కడి సర్కారు ప్రకటించిన నిర్ణయం సారాంశమిది. ఈ రెండు ముక్కలూ ఒకే నోటితో అనడానికి చాలా ధైర్యం కావాలి.

'అంతర్జాతీయ వ్యాపార వాతావరణం' కోసమే ఈ వెసులుబాటని చెబుతున్నారు. సింగపూర్, దుబాయ్‌లతో పోటీపడాలనుకునే ఆర్థిక కేంద్రానికి ఇలాంటి సదుపాయాలు అవసరమన్న వాదనలో కొంత నిజం లేకపోలేదు. అయితే విదేశీ అతిథిని అడ్డుపెట్టుకోవడంలోనే అసలు మోసముంది. ఆ అతిథికి గుజరాత్‌లో మందు దొరకనిదెప్పుడు? విదేశీయులకూ, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చేవారికీ ఏళ్ల తరబడి పర్మిట్లు ఇస్తూనే ఉన్నారు. పెద్ద హోటళ్లలో పర్మిట్ షాపులున్నవి వారి కోసం కూడా కదా!

మరి కొత్తగా తలుపు తెరిచింది ఎవరికి? గిఫ్ట్ సిటీలో పనిచేసే ఉద్యోగులందరికీ, యజమానులకూ పర్మిట్లు ఇస్తామని నిర్ణయంలోనే ఉంది. స్థానికుడు తాగాలంటే అప్పటిదాకా అనారోగ్యం చూపించి, హెల్త్ పర్మిట్ కోసం డాక్టర్ల ముందు నిలబడాల్సి వచ్చేది. ఆ నిర్ణయంతో గిఫ్ట్ సిటీలో ఉద్యోగం ఉంటే చాలు. అంటే సడలింపు విదేశీయుడి పేరిట, లబ్ధి మాత్రం గుజరాత్‌లోనే ఉంటూ పెద్ద జీతం తీసుకునేవాడికి! సీసాలు అమ్మకూడదన్న షరతు ఒకటి. సీసాలో ఉంటే పాపం, గ్లాసులో పోస్తే పెట్టుబడి కాబోలు.

ఆ సిటీ దాటితే మద్యం తయారీకీ అమ్మకానికీ పదేళ్ల దాకా జైలు, 5 లక్షల జరిమానా విధించేలా 2017లో చట్టాన్ని బిగించింది ఈ రాష్ట్రమే. అంత గట్టి చట్టం ఉండగానే 2022 జూలైలో బోటాద్, అహ్మదాబాద్ జిల్లాల పల్లెల్లో మిథనాల్ కలిపిన సారా తాగి 40 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది రెక్కాడితేగాని డొక్కాడనివారు. వారి కోసం ఏ వాతావరణమూ మారలేదు. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అంటే ఇదే.

దీనికి భిన్నమైన ఉదాహరణ మన దగ్గరే ఉంది. దూబగుంట పల్లె ఆడవాళ్లు రగిల్చిన సారా వ్యతిరేక పోరాటం ఫలితంగా 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లో సడలించింది. అది తప్పో ఒప్పో గాని, నిషేధం అమలు కావడం లేదని ఒప్పుకునే ఆ పని చేసింది. గుజరాత్ పాలకులకు ఆ పాటి నిజాయితీ కూడా కొరవడింది.

నిషేధం మంచిదని నమ్మితే ఈ వెసులుబాటును వెనక్కి తీసుకోవాలి. పనికిరాదనుకుంటే ఆ మాటే అసెంబ్లీలో చెప్పి చట్టాన్ని మార్చాలి. ఏది చేసినా బోటాద్ కూలీకీ గిఫ్ట్ సిటీ మేనేజరుకూ ఒకే రూలు ఉండాలి.