కూతలోని నిజం

రైలు కంటికి కనిపించకముందే చెవికి వినిపిస్తుంది. కూతే దాని తొలి పరిచయం. అందువల్లనే నమూనా రైళ్ల ప్రియులు ఇంజను రంగును, చక్రాల సంఖ్యను సరిచూసినంత శ్రద్ధగా దాని కూతను కూడా పరీక్షిస్తారు. అయితే బొమ్మ రైలు కూతలో నిజం ఎక్కడ ఉన్నది? ఇది ఆలోచింపదగిన ప్రశ్న.

అది కొలతలో లేదు. హెచ్.ఓ. అనే ప్రసిద్ధ నమూనాలో ప్రతి కొలతా అసలు ఇంజనులో 87వ వంతు. ఈలను కూడా అదే పాలున కుదిస్తే దాని స్వరం సుమారు 87 రెట్లు హెచ్చుతుంది. సెకనుకు 300 కంపనాలు గల కూత 26,100 కంపనాలకు చేరుతుంది. మానవుని శ్రవణశక్తికి హద్దు దాదాపు 20,000 కంపనాలు. కొలతకు పూర్తిగా కట్టుబడిన కూత ఎవరి చెవికీ సోకదన్నమాట!

కనుక తయారీదారులు వేరు మార్గాలు వెదికారు. అమెరికాలోని లయొనెల్ సంస్థ 1935లో ఇంజను వెనుక సాగే టెండరులో చిన్న మోటారును అమర్చింది. అది తిప్పే పంకా గాలిని ఊది కూత పుట్టించేది. నేటి డిజిటల్ నమూనాలలో అసలు ఇంజను ధ్వనిని ముద్రించి, చిప్పులో నిక్షిప్తం చేసి, చిన్న స్పీకరు ద్వారా వినిపిస్తారు. స్వరం అచ్చంగా అదే. కాని మీట నొక్కిన ప్రతిసారీ ఒకే తీరున పలికితే అది ప్రతిధ్వని మాత్రమే.

నిజమైన కూతలో డ్రైవరు చేతి నేర్పు ఉండేది. తాడును లాగే తీరును బట్టి ఆవిరి ఈల స్వరం మారేది. 1900లో రైలు ప్రమాదంలో మరణించిన కేసీ జోన్స్ తన ప్రత్యేకమైన కూతకు ప్రసిద్ధుడు. కూతకు అర్థం కూడా ఉన్నది. అమెరికాలో రైలు రోడ్డును దాటే చోట రెండు దీర్ఘాలు, ఒక హ్రస్వం, మరల ఒక దీర్ఘం వినిపించాలి. మన ఛందస్సులో చెప్పాలంటే రెండు గురువులు, ఒక లఘువు, ఒక గురువు. అది మనుషుల ప్రాణాలు కాపాడే హెచ్చరిక.

ఇది కేవలం ఆటే కదా, ఇంత పట్టింపు ఎందుకని కొందరు అనవచ్చు. 1960 నాటికి అమెరికా ప్రధాన రైలు మార్గాలలో ఆవిరి ఇంజన్లు దాదాపు కనుమరుగయ్యాయి. వాటిని నిత్యం విన్న తరమూ తరిగిపోతున్నది. ఇనుమును ప్రదర్శనశాల కాపాడగలదు. కూతను కాపాడవలసినది వినే చెవి, పలికించే చెయ్యి. కావున తయారీదారులు చేతి ఒత్తిడికి అనుగుణంగా స్వరం మారే మీటలను అందరికీ అందుబాటులోకి తేవాలి. ఆడుకొనేవారు అవసరమైన చోటనే, అర్థమెరిగి కూత వేయాలి. ఊరకే మోగే కూత గోల. సమయమెరిగి పలికిన కూత భాష.