ముందు జంపర్, తర్వాతే కోడ్
బనగానపల్లె మామిడి తోటలో నేల తేమ కొలిచే పరికరం తయారుచేయాలనుకునే విద్యార్థి సాధారణంగా ఒక ఎవాల్యుయేషన్ బోర్డుతోనే మొదలుపెడతాడు. యూఎస్‌బీ కేబుల్ తగిలించి నేరుగా కోడ్ రాయించడం కన్నా, బోర్డుకు కరెంటు ఏ దారిన వస్తోందో ముందు నేర్పాలన్నది నా వాదన. న్యూక్లియో ఎఫ్401ఆర్ఈ బోర్డునే చూడండి. జేపీ5 జంపర్ యూ5వీ వైపు ఉంటే కరెంటు యూఎస్‌బీ నుంచి, ఈ5వీ వైపు మారిస్తే బయటి సప్లై నుంచి వస్తుంది. తోటలో యూఎస్‌బీ తీసేసి, జంపర్ మార్చకుండా విన్ పిన్‌కు 9 వోల్టులు ఇస్తే బోర్డు పలకదు. పిల్లవాడు మాత్రం తప్పును తన కోడ్‌లో రాత్రంతా వెతుకుతాడు. జంపర్లు ఫ్యాక్టరీలోనే సరిగా అమర్చి పంపుతారు కదా అంటారు. నిజమే, కానీ ఆ అమరిక కంప్యూటర్ పక్కనున్న బల్లకు సరిపోయేది, బోరు గట్టుకు కాదు. సిలబస్‌లో తీరిక లేదన్నది ఇంకో మాట. దీనికి ఒక్క ల్యాబ్ పూట చాలు. పైగా జేపీ6 జంపర్ తీసి దాని రెండు పిన్నుల మధ్య మల్టీమీటర్ పెడితే మైక్రోకంట్రోలర్ ఎంత కరెంటు తాగుతోందో కనిపిస్తుంది. 2000 ఎంఏహెచ్ బ్యాటరీ మీద మొత్తం పరికరం 20 మిల్లీయాంపియర్లు లాగితే లెక్క ప్రకారం 100 గంటలే. మధ్యమధ్య నిద్రపుచ్చి సగటును 1కి దించితే 83 రోజులు. రైతు నాలుగు రోజులకే బ్యాటరీ మార్చాలా, మూడు నెలలు దగ్గరపడ్డాకా అన్నదానికి తొలి ఆధారం ఆ రెండు పిన్నుల దగ్గరే దొరుకుతుంది.